పొమెరేనియన్, షిట్జు, పగ్... ఇంట్లో చిన్న కుక్కను దారిలో పెట్టడం ఎలా?

అపార్ట్‌మెంట్‌లో ఎవరింటికైనా వెళ్లి కాలింగ్ బెల్ కొట్టండి. లోపల్నుంచి ఒక బుల్లి కుక్క గొంతు చించుకుంటూ వచ్చి తలుపు మీద పడుతుంది. వెనకే ఇంటావిడ గొంతు వినిపిస్తుంది: "ఏమీ అనదు, రండి రండి!" మీరు లోపల అడుగు పెట్టగానే అది మీ కాళ్ల చుట్టూ తిరుగుతూ మొరుగుతుంది, చీర కుచ్చిళ్లో ప్యాంటు అంచో పట్టి లాగుతుంది. ఇంటిల్లిపాదీ నవ్వుతారు. "దీనికి కోపం ఎక్కువండీ, అచ్చం వాళ్ల తాతయ్యలాగే" అని మురిసిపోతారు కూడా.

అదే గుమ్మంలో ముప్ఫై కిలోల లాబ్రడార్ అదే పని చేస్తే? ఒక్కరూ నవ్వరు. మర్నాటికల్లా ట్రైనర్ నంబరు కోసం వెతుకులాట మొదలవుతుంది.

చిన్న కుక్కల తంటా అంతా ఈ తేడాలోనే ఉంది. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 1,276 మంది యజమానుల్ని ప్రశ్నలడిగి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. 20 కిలోల లోపు కుక్కలు చెప్పిన మాట తక్కువ వింటాయనీ, ఉద్రేకం, దూకుడు, భయం వాటిలోనే ఎక్కువనీ అందులో తేలింది. ఆ యజమానులు ఒక రోజు ఒకలా, ఇంకో రోజు ఇంకోలా ఉంటారనీ, కుక్కతో ఆడటం, దానికి నేర్పడం తక్కువనీ కూడా తేలింది. తరచూ శిక్షించే ఇళ్లలో కుక్కల దూకుడు ఎక్కువగా కనిపించింది. చిన్న కుక్కల విషయంలో అది మరీ ఎక్కువ.

జాతి లక్షణం అసలే లేదని కాదు. డాషండ్‌ను జర్మన్లు పెంచిందే బొరియల్లోకి దూరి జంతువుల్ని ఎదిరించడానికి. లాసా ఆప్సో టిబెట్ మఠాల్లో అలికిడి అయితే అరిచి చెప్పే కాపలా కుక్క. మనం పామ్ (పొమెరేనియన్) అని పిలుచుకునేవాటిలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతివి, వాటికీ చెవులు చురుకే. మొరగని డాషండ్ కావాలంటే బొమ్మ కొనుక్కోవాలి. రెండుసార్లు మొరిగి, పిలిస్తే మీ దగ్గరికి వచ్చే డాషండ్ కావాలంటే మాత్రం కింద చెప్పినవి మొదలుపెట్టండి. కుక్క వయసు ఎంతైనా పర్వాలేదు. పెద్దదానికి కాస్త ఎక్కువ రోజులు పడతాయి, అంతే.

1. ముందు డాక్టర్‌కి చూపించండి

మొన్నటిదాకా బాగానే ఉండి, ఈమధ్యే ఎత్తుకోబోతే గుర్రుమంటుంటే దాన్ని పొగరు అనుకునే ముందు నొప్పేమో చూడాలి. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జారడం చాలా మామూలు. నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఒకటి పైకెత్తి రెండడుగులు గెంతుతుంది, మళ్లీ ఏమీ జరగనట్టు నడుస్తుంది. మనం భలే గెంతుతోందని వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాం. నున్నటి మార్బుల్, టైల్స్ మీద పరుగెత్తి జారే కుక్కలకు ఈ బాధ ఇంకా పెరుగుతుంది. అది ఎక్కువగా తిరిగే చోట ఒక పాత కార్పెట్టో, యోగా మ్యాటో వేయండి.

పళ్ల జబ్బులు కూడా చిన్న కుక్కల్లోనే ఎక్కువ. అంత చిన్న దవడలో అన్ని పళ్లూ ఇరుక్కుని ఉంటాయి మరి. నోరు వాసన వస్తున్నా, మూతి పట్టుకోనివ్వకపోయినా పళ్లు చూపించండి. డాషండ్‌కి వెన్నెముకలో డిస్కు సమస్య వస్తుంటుంది, దాన్ని సోఫా మీంచి దూకనివ్వకపోవడమే మేలు.

వెళ్లిన పనిలో పనిగా టీకాల కార్డు కూడా చూపించండి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్లు వేయించాలి. "మాది గడప దాటదండీ, దానికెందుకు టీకా" అనే మాట చిన్న కుక్కల ఇళ్లలోనే ఎక్కువ వినిపిస్తుంది. గడప దాటని కుక్క గడప లోపలికి వచ్చినవాళ్లను కరవగలదు. అప్పుడు ఆ ఇంటివాళ్లు ఆ కార్డు కోసమే బీరువాలన్నీ వెతుకుతారు.

2. ఇంట్లో అందరూ ఒక మాట మీదకు రండి

నాన్న సోఫా మీద పక్కన కూర్చోబెట్టుకుంటారు, అమ్మ విసుక్కుని దింపేస్తుంది. డైనింగ్ టేబుల్ దగ్గర వద్దని అందరూ అంటారు, నాయనమ్మ మాత్రం ఎవరూ చూడకుండా పెరుగన్నం ముద్ద జారవిడుస్తుంది. సాయంత్రం పిల్లలు మీదకు ఎగరమని ఆడిస్తారు, అదే కుక్క యూనిఫాం వేసుకున్నప్పుడు ఎగిరితే కసురుకుంటారు. ఇందులో కుక్కకు ఏం అర్థమవ్వాలి? ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది కాబట్టి ప్రతిసారీ ప్రయత్నించాలని అర్థమవుతుంది.

ఒక సాయంత్రం అందరూ కూర్చుని నాలుగు సంగతులు తేల్చుకోండి. సోఫా మీదకు రావచ్చా, రాకూడదా. తినేటప్పుడు ఎవరు, ఎక్కడ పెడతారు. బయటకు ఎవరు, ఎన్ని గంటలకు తీసుకెళ్తారు. దేనికి ఏ మాట వాడాలి. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, పనమ్మాయికి కూడా చెప్పండి. రోజులో చాలాసేపు కుక్కతో ఉండేది ఆ అమ్మాయే.

మాటల విషయంలో ఒక చిక్కుంది. చాలా ఇళ్లలో పడుకోమనడానికీ 'డౌన్' అంటారు, సోఫా దిగమనడానికీ 'డౌన్' అంటారు, మీదకు ఎగరొద్దనడానికీ 'డౌన్' అంటారు. కుక్క మూడింటికీ తలొక రకంగా చూస్తూ నిలబడుతుంది. పడుకోవడానికి 'డౌన్' ఉంచుకుని, దిగడానికి 'దిగు' అనండి. తెలుగైనా ఇంగ్లిషైనా దానికి ఒకటే, ఒక పనికి ఒకే మాట ఉంటే చాలు. దాని పేరును తిట్టుగా మాత్రం వాడకండి. "బ్రూనో! బ్రూనో! ఏయ్ బ్రూనో!" అని అరిచిన నోటితోనే వీధిలో "బ్రూనో, దా" అంటే అది ఎందుకొస్తుంది?

సోఫా మీదకు రానివ్వడం తప్పా అని చాలామంది అడుగుతారు. తప్పేం లేదు. సోఫా ఎక్కినంత మాత్రాన కుక్క ఇంటికి యజమాని అయిపోదు. రమ్మంటే ఎక్కడం, దిగమంటే దిగడం నేర్పితే చాలు.

3. నేర్పే ముందు, అది చెప్పేది వినండి

చిన్న కుక్కల మీద జరిగే పెద్ద అన్యాయం ఏమిటంటే, వాటి ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు. నడుస్తున్నదాన్ని వెనకనుంచి వచ్చి చటుక్కున ఎత్తేస్తారు. నిద్రపోతుంటే ముద్దు పెడతారు. చుట్టాలొస్తే ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి పంపిస్తారు. పెద్ద కుక్క ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోతుంది, దాన్ని ఎవరూ ఎత్తలేరు. చిన్నది వెళ్లిపోదామన్నా కాళ్లు నేల మీద ఉండవు.

అయినా అది చెబుతూనే ఉంటుంది. ఒక పిల్లవాడు షిట్జును గట్టిగా వాటేసుకున్నప్పుడు దాని మొహం చూడండి. ముందు తల పక్కకు తిప్పుకుంటుంది. తినేదేమీ లేకపోయినా నాలుక బయటపెట్టి ముక్కు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. చెవులు వెనక్కి అతుక్కుంటాయి, కంటి పక్కన తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. తర్వాత ఒళ్లంతా ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఇవేవీ ఎవరూ పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. అప్పటికీ వదలకపోతే కరుస్తుంది. "ఉన్నట్టుండి కరిచేసిందండీ" అంటారు. అది ఉన్నట్టుండి చేసిన పని కాదు, అప్పటికి నాలుగైదుసార్లు వద్దని చెప్పింది.

అందుకని గుర్రుమన్నందుకు కొట్టొద్దు, తిట్టొద్దు. గుర్రుమంటే దెబ్బలు పడతాయని తెలిసిన కుక్క గుర్రుమనడం మానేస్తుంది, నేరుగా కరవడం మొదలుపెడుతుంది. గుర్రుమన్నప్పుడు ఆగండి, చెయ్యి వెనక్కి తీసుకోండి, ఏ పనికి అలా అందో గుర్తుపెట్టుకోండి. ఆ పనిని తర్వాత తీరిగ్గా అలవాటు చేయొచ్చు.

రోజూ చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఎత్తుకునే ముందు పక్కన కూర్చుని "ఎత్తుకుంటా" అని ఒక మాట చెప్పి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఎత్తండి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వెనక భాగం కింద ఉండాలి. ముందు కాళ్లు పట్టి లేపితే భుజాలు నొప్పి పుడతాయి. ఎత్తిన వెంటనే చిన్న తిండిముక్క పెట్టండి. కొన్నాళ్లకు ఆ మాట వినగానే అదే దగ్గరికొచ్చి నిలబడుతుంది.

రెండోది, నిమిరేటప్పుడు మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలంటే తనే ముక్కుతో మీ చేతిని తోస్తుంది, ఒరుసుకుంటుంది. అటు తిరిగితే ఇక చాలని అర్థం. ఇంటికొచ్చిన పిల్లలకు కూడా ఇదే నేర్పండి. వాళ్లకు ఇదొక ఆటలా ఉంటుంది, పైగా పెద్దవాళ్లకన్నా బాగా పాటిస్తారు.

4. తిండిముక్క, 'గుడ్' అనే మాట, మూడు నిమిషాలు

నేర్పడానికి కావాల్సిన సామాను తక్కువ. ఉడికించిన చికెన్, పనీర్, ఉడికించిన గుడ్డు, క్యారెట్, వీటిలో మీ కుక్క దేనికి తోకాడిస్తే అది తీసుకోండి. ముక్క శనగబద్దలో సగం ఉండాలి. మూడు నాలుగు కిలోల కుక్కకు మనం పెట్టే ఒక్క బిస్కెట్ కూడా పెద్ద ఫలహారమే. రోజు మొత్తం తినేదాంట్లో ఇలాంటి ముక్కలు పదో వంతు దాటకూడదు, పెట్టినంతమేర భోజనం తగ్గించండి. చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ పెట్టకండి. అవి కుక్కలకు విషం, ఒళ్లు చిన్నది కాబట్టి కొంచెమే తిన్నా ప్రమాదం.

మొదట 'గుడ్' అనే మాటకు విలువ తేవాలి. "గుడ్" అనండి, వెంటనే ముక్క పెట్టండి. పది పన్నెండుసార్లు చేస్తే, గుడ్ అనగానే అది మీ చేతి వైపు చూస్తుంది. ఇక అది మంచి పని చేసిన క్షణంలోనే గుడ్ అనొచ్చు, ముక్క తీసి ఇచ్చేసరికి ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైనా పర్వాలేదు.

సిట్ నేర్పడానికి మీరు నేల మీద కూర్చోండి. నిలబడి వంగితే అంత చిన్న ప్రాణికి పైనుంచి ఏదో మీద పడుతున్నట్టుంటుంది. తిండిముక్కను దాని మూతి దగ్గర పెట్టి మెల్లగా తల పైనుంచి వెనక్కి జరపండి. తల పైకి లేస్తే వెనక భాగం నేలకు ఆనుతుంది. ఆనగానే గుడ్, ముక్క. నడుం పట్టి నొక్కి కూర్చోబెట్టొద్దు. కొన్ని రోజులు పోయాక, కూర్చోబోయే ముందు "సిట్" అనే మాట కలపండి.

తర్వాత 'బెడ్'. ఒక పరుపో మడతపెట్టిన దుప్పటో హాల్లో ఒక మూల వేసి, దాని మీద కాలు పెడితే గుడ్, నాలుగు కాళ్లూ పెడితే గుడ్, పడుకుంటే రెండు ముక్కలు. ఇది తొందరపడకుండా గట్టిగా నేర్పండి. కాలింగ్ బెల్, చుట్టాలు, భోజనాల గొడవలు మూడూ ఈ ఒక్క అలవాటు మీదే ఆధారపడతాయి.

ఒక్కో పాఠం మూడు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడుసార్లు. టీవీ సీరియల్‌లో ప్రకటనలొచ్చినప్పుడు చేసినా సరిపోతుంది. కుక్క ఇంకా చేస్తానంటున్నప్పుడే ఆపేయండి.

5. కాలింగ్ బెల్ మోగితే ఏం చేయాలి

మొరుగుతున్న కుక్క మీద "ఏయ్, నోర్ముయ్!" అని అరుస్తాం. కుక్క లెక్కలో మనం కూడా దానితో కలిసి మొరుగుతున్నట్టే. ఇంకా హుషారొస్తుంది. పైగా కొరియర్ అబ్బాయి పార్శిల్ ఇచ్చి వెళ్లిపోతాడు. తను మొరిగితేనే వాడు పారిపోయాడని దాని నమ్మకం. రోజుకు నాలుగు డెలివరీలు వచ్చే ఇంట్లో ఈ పాఠం రోజుకు నాలుగుసార్లు గట్టిపడుతుంది.

ఈ అలవాటు మార్చడాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీసి మొదలుపెట్టండి. మీ కాలింగ్ బెల్ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేయండి. కుక్క తాపీగా ఉన్నప్పుడు సౌండ్ బాగా తగ్గించి వినిపించండి. చెవులు నిక్కించినా మొరగకపోతే వెంటనే ముక్క పెట్టండి. మొరిగితే సౌండ్ ఎక్కువైనట్టు, ఇంకా తగ్గించండి. కొన్ని రోజులపాటు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి. ఏదో ఒక రోజు బెల్ మోగగానే తలుపు వైపు కాకుండా మీ వైపు చూస్తుంది. ఆ చూపు కోసమే ఇదంతా.

అప్పుడు 'బెడ్' కలపండి. బెల్ రికార్డింగు, "బెడ్", పడుకోగానే ముక్కలు. అది కుదిరాక ఇంట్లో ఒకరు బయటకెళ్లి నిజం బెల్ కొట్టాలి. మొదట తలుపు తెరవకండి. తర్వాత తెరిచి మూసేయండి. తర్వాత లోపలికి వచ్చిన మనిషి కుక్క వంక చూడకుండా వెళ్లి కూర్చోవాలి. కుక్క పరుపు మీంచి లేచి వస్తే కోప్పడకుండా మళ్లీ పంపించండి.

ఇది నేర్చుకునే రోజుల్లో నిజం డెలివరీలు ఆగవు కదా. గుమ్మం దగ్గర "కుక్కకు ట్రైనింగ్ జరుగుతోంది, బెల్ కొట్టకుండా ఫోన్ చేయండి" అని కాగితం అంటించండి. తలుపు తీసే ముందు కుక్కను గదిలో పెట్టి నాలుగు ముక్కలు నేల మీద చల్లండి, అవి ఏరుకునేసరికి మీ పని అయిపోతుంది.

చుట్టాల దగ్గరికొస్తే, కష్టం కుక్కతో కాదు, చుట్టాలతోనే. "పర్లేదులే, చిన్నదేగా" అంటూ మీదకు ఎగిరేదాన్ని ఎత్తుకుంటారు. ఎగిరితే ఎత్తుకుంటారని దానికి ఇంకోసారి రుజువవుతుంది. "దీనికి నేర్పిస్తున్నాం మావయ్యా, నాలుగు కాళ్లూ కింద పెట్టేదాకా పలకరించొద్దు" అని నవ్వుతూనే గట్టిగా చెప్పండి. కుక్కలంటే భయపడేవాళ్లు వస్తే మాత్రం పాఠాలన్నీ పక్కన పెట్టి దాన్ని వేరే గదిలో ఉంచండి. "ఏమీ అనదు" అనే మాటతో వాళ్ల భయం పోదు.

6. ఒళ్లో కూర్చుని గుర్రుమనే కుక్క

అమ్మ ఒళ్లో ఉన్న పామ్, నాన్న దగ్గరికొస్తే పళ్లు చూపిస్తుంది. అమ్మకు లోలోపల గర్వం, "నేనంటే ఎంత ప్రేమో!" దాన్ని ఇంకా దగ్గరికి తీసుకుని నిమురుతుంది. ప్రేమ సంగతేమో గానీ, దానికి అక్కడ తెలిసిన విషయం వేరు. గుర్రుమంటే ఒళ్లు దక్కుతుంది, నాన్న వెనక్కి పోతాడు.

అలా చేసిన వెంటనే మాట్లాడకుండా, కోప్పడకుండా లేచి నిలబడండి. ఒళ్లు మాయమవుతుంది, కుక్క మెల్లగా నేల మీదకు జారుతుంది. కాసేపటికి తాపీ పడ్డాక మళ్లీ రావచ్చు. దీనికి జోడీగా ఇంకోటి చేయాలి. నాన్న దూరంనుంచి, కుక్క ఇంకా తాపీగా ఉన్నచోటే ఆగి, ఒక చికెన్ ముక్క విసిరి వెళ్లిపోవాలి. రోజూ కొంచెం దగ్గరికి రావాలి. నాన్న వస్తే ఒళ్లు పోతుందన్న దిగులు పోయి, నాన్న వస్తే చికెన్ వస్తుందన్న ఆశ మొదలవుతుంది.

తిండి గిన్నె దగ్గర, ఎత్తుకెళ్లిన సాక్సుల దగ్గర కూడా ఇదే సూత్రం. నోట్లోంచి లాక్కోవద్దు. ఇంకా రుచైనది చూపించండి, అది వదలగానే "గుడ్" అని అది పెట్టి, ప్రమాదం లేనిదైతే మొదటి వస్తువు కూడా తిరిగి ఇచ్చేయండి. వదిలితే పోయేదేమీ లేదని తెలిసిన కుక్క కాపలా కాయదు. తినేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి పరీక్షించే అలవాటుంటే ఇవాళే మానేయండి.

7. వీధిలోకి

చిన్న కుక్కకు ఇంట్లోనే వ్యాయామం అయిపోతుందనుకుంటారు. కాళ్లకు సరిపోవచ్చు, ముక్కుకు సరిపోదు. రోజుకు రెండుసార్లు బయట వాసనలు చూసుకుంటూ తిరిగిన కుక్క ఇంటికొచ్చి సుబ్బరంగా పడుకుంటుంది. చాలా ఇళ్లలో అల్లరికి సగం కారణం ఈ తిరుగుడు లేకపోవడమే.

మెడ పట్టీకి బదులు రొమ్ము చుట్టూ వచ్చే హార్నెస్ వాడండి. పొమెరేనియన్, చివావా లాంటివాటి శ్వాసనాళం సున్నితం, గొలుసు లాగితే దగ్గొస్తుంది. సాగే తాడు కన్నా ఐదారు అడుగుల మామూలు తాడు మంచిది. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు జాతులు ఎండకు తట్టుకోలేవు. వేసవిలో తెల్లవారుజామున, పొద్దుపోయాక మాత్రమే తీసుకెళ్లండి. రోడ్డు మీద అరచేతి వెనక భాగం కొన్ని సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

మన వీధుల్లో అసలు టెన్షన్ వీధికుక్కలు. ప్రతి కుక్క కనబడగానే మీదాన్ని చంకనెత్తుకుంటే రెండు నష్టాలు. ఏదో ప్రమాదం ఉందని దానికి మీరే చెప్పినట్టవుతుంది, చంకలో ఎత్తుమీదినుంచి ఇంకా ధైర్యంగా మొరిగి అవతలివాటిని రెచ్చగొడుతుంది. దూరంగా కుక్క కనిపించినప్పుడు, మీది ఇంకా మొరగకముందే "గుడ్" అని ముక్క పెట్టి, పక్క దారికి తిరగండి. చూడటం, మొరగకుండా మీ వైపు తిరగడం, ముక్క తినడం అనే వరస రోజూ నడవాలి. చెత్తకుండీల దగ్గర, వీధికుక్కలకు అన్నం పెట్టే చోట, పిల్లలు పెట్టిన తల్లికుక్క ఉన్న సందులో వెళ్లకండి. అది వాటి ఇల్లు.

నిజంగానే గుంపు మీదకు వస్తే మొహమాటం లేకుండా ఎత్తుకోండి. పరుగెత్తొద్దు. పక్కకు తిరిగి నిలబడి, మెల్లగా వెనక్కి జరగండి. జేబులో నాలుగు బిస్కెట్లు ఉంటే వాటికి అవతలగా విసరండి, ఆ కాస్త వ్యవధిలో గేటు లోపలికి రావచ్చు. కుక్కను కింద దింపాక దాని దారిన దాన్ని ఒళ్లు దులుపుకోనివ్వండి, ఒళ్లు దులుపుకుందంటే భయం దిగిందని.

మలం తీయడానికి కవరు జేబులో ఉండాలి. "చిన్నదేగా, ఎంత ఉంటుంది" అనేది ఎదురింటివాళ్లు చెప్పులతో తొక్కేదాకానే.

8. ఉచ్చ, ఒంటరితనం

కూనకు మూత్రాశయం చిన్నది, చిన్న జాతి కూనకు ఇంకా చిన్నది. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట అయ్యాక, మధ్యలో రెండు గంటలకోసారి ఒకే చోటికి తీసుకెళ్లండి. ఆరో అంతస్తులో ఉన్నవాళ్లు బాల్కనీలో ట్రే పెట్టుకోవచ్చు. పని కాగానే అక్కడే ముక్క పెట్టాలి, ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకే అనుకుంటుంది. హాల్లో పోస్తే అందులో ముక్కు రుద్దడం లాంటి పాత పద్ధతులు వద్దు. దానివల్ల సోఫా వెనక దాక్కుని పోయడం మాత్రమే నేర్చుకుంటుంది. ఫినాయిల్ బదులు పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడితే ఆ వాసన పోతుంది. ఫినాయిల్ నాకితే కుక్కలకు మంచిది కూడా కాదు.

ఎప్పుడూ ఒళ్లోనే ఉన్న కుక్కకు మీరు ఆఫీసుకు వెళ్తే ప్రపంచం ఆగిపోతుంది. మీరు ఇంట్లో ఉన్నప్పుడే పక్క గదిలో ఒంటరిగా ఉండటం అలవాటు చేయండి. మొదట అర నిమిషం, తర్వాత రెండు నిమిషాలు, అలా. తాళాలు తీసుకుని ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ కూర్చోండి, తాళాల చప్పుడుకు గుండె అదరకుండా ఉంటుంది. వెళ్లేటప్పుడు, వచ్చినప్పుడు గుమ్మం దగ్గర పెద్ద తంతు వద్దు. మీరు లేనంతసేపూ ఏడుస్తుందని పక్కింటివాళ్లు చెబితే నమ్మండి, వాళ్లకు అబద్ధం చెప్పాల్సిన పనిలేదు. ఫోన్‌ను రికార్డింగులో పెట్టి వెళ్తే మీకే తెలుస్తుంది.

9. కరిస్తే ఏం చేయాలి, చట్టం ఏమంటుంది

చిన్న పళ్ల గాటు కూడా గాటే. ఎవర్నైనా కరిచినా, గీరినా వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం అద్దొద్దు. కుక్కకు టీకాలు వేయించినా సరే అదే రోజు ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లండి, రేబిస్ రాకుండా వేసే ఏఆర్‌వీ టీకా అవసరమా, ఎన్ని డోసులు అన్నది డాక్టరే చెబుతారు. ఖర్చు మీరు భరించడం మర్యాద. కుక్కను పది రోజులు కనిపెట్టుకుని ఉండాలి, తినడంలో, ప్రవర్తనలో తేడా వస్తే వెటర్నరీ డాక్టర్‌కు చెప్పాలి.

పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా చూసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అందులో కుక్క సైజు ప్రస్తావన లేదు. హైదరాబాద్‌లో పెంపుడు కుక్కకు జీహెచ్‌ఎంసీ లైసెన్స్ కూడా తీసుకోవాలి.

రెండో వైపు కూడా తెలిసి ఉండాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు కుక్కల్ని పెంచొద్దని నిషేధించలేవు, లిఫ్టు ఎక్కించొద్దనీ అనలేవు. భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఈ సంగతి స్పష్టంగా చెప్పాయి. పొరుగువాళ్లకు ఇబ్బంది లేకుండా చూసుకోమని యజమానులకు చెప్పింది కూడా ఆ మార్గదర్శకాలే. మీటింగులో మొదటి సగం మాత్రమే చదివి వినిపించే యజమానులే కుక్కలకు ఎక్కువ శత్రువుల్ని తెస్తారు. లిఫ్టులో ఎవరైనా ఉంటే "ఎక్కొచ్చా అండీ?" అని ఒక మాట అడగండి, కుక్కను మూల వైపు ఉంచి మీరు మధ్యలో నిలబడండి.

10. ట్రైనర్‌ను పిలవాల్సి వస్తే

రక్తం వచ్చేలా కరిచినా, ఇంట్లో పసిపిల్లలున్నప్పుడు గుర్రుమంటున్నా, కొన్ని వారాలు పైవన్నీ చేసినా మార్పు లేకపోయినా మీరొక్కరే తంటాలు పడకండి. మొదట వెటర్నరీ డాక్టర్, తర్వాత ట్రైనర్. ట్రైనర్‌ను డబ్బెంత అని అడిగే ముందు, "కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?" అని అడగండి. గొలుసు గట్టిగా గుంజుతామనో, వెల్లకిలా పడేసి నొక్కి పెడతామనో, 'బాస్ ఎవరో చూపించాలి' అనో చెబితే వద్దనండి. మూడు కిలోల కుక్క మెడకు అలాంటి గుంజుళ్లు ప్రాణం మీదకు తేవచ్చు. తిండితో, ఆటతో నేర్పేవాళ్లనూ, పాఠం జరిగేటప్పుడు మిమ్మల్ని పక్కనే కూర్చోబెట్టి మీ చేత చేయించేవాళ్లనూ ఎంచుకోండి. కుక్కను నెల రోజులు మా దగ్గర వదిలి వెళ్లండి, నేర్పి ఇస్తాం అనేవాళ్ల దగ్గర అది ఏదైనా నేర్చుకున్నా, ఇంటికొచ్చాక నాయనమ్మ ముద్దలు, నాన్న సోఫా, మీ 'డౌన్' అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ట్రైనర్ మొదటిసారి ఇంటికొచ్చే రోజున ఇంట్లో అందరూ ఉండేలా చూసుకోండి, ఫ్రిజ్ మీది కాగితం కూడా ఆయనకు చూపించండి.